మౌసుకు తగిన ఇల్లు

పెళ్ళయిన నలభై ఒకటో రోజున, మాది సగటు ఇల్లు అని ప్రభుత్వం వారు కాగితం ఇచ్చారు.

ఆ కాగితాన్ని మా ఆయన భార్గవ భోజనానికి వస్తూ చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడు. ఆఫీసుకూ ఇంటికీ నాలుగు కిలోమీటర్లు. కాకినాడ ఎండలో ఆ నాలుగూ సైకిలు మీద వచ్చి, అన్నం తిని, వెళ్ళొస్తానని మూడుసార్లు చెప్పి వెళతాడు. మూడోసారి మాత్రం మెట్లు సగం దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి చెబుతాడు. సొంత గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత ఈ విషయం ఫైలులోకి ఎక్కింది కాబట్టి చెబుతున్నాను.

మా ఆయన పనిచేసేది గృహోపయోగ వస్తు యోగ్యతా పరిశీలన మండలిలో. జూనియర్ అసిస్టెంటు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. గొడుగులు, ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు ఇళ్ళలో వాడకానికి పనికొస్తాయో లేదో తేల్చి ముద్ర వేయడం ఆ మండలి పని. ఇన్నాళ్ళూ ఆ తేల్చడమంతా ఆఫీసు వెనక షెడ్డులో జరిగేది. ఒక మిక్సీ అందులో ఏమీ వేయకుండా తొమ్మిది వందల గంటలు తిరిగి పాసయిందట. ఇలా ఉండగా ఏదో సమావేశంలో ఒక పెద్దాఫీసరు, ఇంటి వస్తువును ఇల్లు కాని చోట పరీక్షించడమేమిటి అని అడిగారు. అడిగింది పెద్దాయన గనక అందరూ రాసుకున్నారు. అందరూ రాసుకున్నారు గనక అది సర్క్యులర్ అయింది. ఇకమీదట ఇంటి వస్తువును ఇంట్లోనే పరీక్షించాలి, ఆ ఇల్లు సగటు ఇల్లు అయి ఉండాలి.

సగటు ఇంటి కోసం మండలి పదకొండు రోజులు వెతికింది. డిప్యూటీ డైరెక్టరు అచలపతి గారింట్లో అక్వేరియం ఉంది, కుదరదు. సూపరింటెండెంటు గారింట్లో అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు బాగా మాట్లాడుకుంటారు, కాబట్టి అదీ సగటు కాదు. చివరికి రామారావుపేటలో మా మేడమీది వాటా తేలింది. రెండు గదులు, ఒక మంచం, రెండు కుర్చీలు, ఒక లాప్‌టాప్, పెళ్ళిలో కానుకగా వచ్చిన ఏడు గోడ గడియారాలు. ఎవరిచ్చింది పక్కన పెడితే ఎవరికి కోపం వస్తుందోనని ఏడూ గోడకు తగిలించాం. ఒక్కొక్కటి ఒక్కొక్క టైములో గంటలు కొడుతుంది కాబట్టి మా ఇంట్లో పన్నెండు కావడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. పెళ్ళికి ఏడు గడియారాలు రావడం సగటే అని కమిటీ తీర్మానించింది.

పరీక్షించవలసిన వస్తువు మౌస్. వైరు ఉన్నది, చౌక రకం, రెండు వందల నలభై తొమ్మిది రూపాయలది. 'నిత్య గృహ వినియోగానికి' అది పనికొస్తుందో లేదో తేల్చాలి.

ఈ వార్త విని నేను భార్గవ రెండు చేతులూ పట్టుకుని గదంతా ఒక చుట్టు తిప్పాను. ఎందుకంటే నాకు సరిగ్గా అప్పుడే మౌస్ కావలసి వచ్చింది. పెళ్ళయిన పదహారో రోజున సేమ్యా పాయసం చేసి, లాప్‌టాప్ ముందు కూర్చుని తింటూ తనకేదో చూపిస్తుంటే, తను నవ్విన నవ్వుకు గ్లాసు ఒలికింది. కీబోర్డు బతికింది. వేలితో జరిపే టచ్‌ప్యాడ్ మాత్రం పాయసం తాగేసింది. అప్పటినుంచి బాణం గుర్తు తెర మూలకు వెళ్ళి అక్కడే కూర్చుంది.

మా పెళ్ళి ఫొటోగ్రాఫరు నూకరాజు గారేమో లింకు పంపారు. రెండు వేల మూడు వందల అరవై ఫొటోల్లో ఆల్బమ్ కోసం నూట యాభై ఏరి, ఒక్కోదాని పక్కనున్న గడిలో టిక్కు పెట్టాలి. పదిహేనో తారీకు మధ్యాహ్నం పన్నెండుకు లింకు మూసుకుంటుంది. ఆయనకు వరసగా ముహూర్తాలున్నాయి, మిగిలినవి తుడిచేస్తారు. ఫోనులో తెరిస్తే ఫొటోలు ఆవగింజల్లా కనిపిస్తాయి, టిక్కు గడి అసలు కనపడదు. కీబోర్డుతో కిందకు జరుగుతుంది కానీ టిక్కు పడదు.

వాటిలో నాకు కావలసినది ఒకటుంది. జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించిన క్షణంలో తీసిన ఫొటో. భార్గవ బాసికం నుదుటి మీంచి జారి సరిగ్గా ముక్కు మీదకు వచ్చింది. నేను తనని పెళ్ళికొడుకుగా మొదటిసారి చూసింది అలా. పురోహితుడి ముందే పకపకా నవ్వేశాను. ఆ రోజు నూకరాజు గారి కెమెరా వెనక చిన్న తెర మీద ఆ ఫొటోను ఒక్కసారి చూశాను. రెండు వేల మూడు వందల అరవైలో అది ఎన్నోదో తెలియదు.

ఒకటో తారీకు ఉదయం జీపు వచ్చింది. అచలపతి గారు ముందు దిగారు. ఆయన వెనక రికార్డు అసిస్టెంటు గవర్రాజు గారు రెండు చేతులతో ఒక పళ్ళెం, పళ్ళెంలో ఎర్ర గుడ్డ, గుడ్డ మీద మౌస్ పట్టుకుని మెట్లు ఎక్కారు. మౌస్ ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. డబ్బా చుట్టూ పురికొస, పురికొస మీద నాలుగు చోట్ల లక్క సీలు.

అచలపతి గారు ఫైలు ఎలా రాస్తారో అలాగే మాట్లాడతారు. మంచినీళ్ళు ఇస్తే, స్వీకరించుటకు అభ్యంతరము లేదు అన్నారు. సీలు ఎప్పుడు తీస్తారని అడిగాను.

"పరిశీలన పూర్తి అగు వరకు సీలు భగ్నము కారాదమ్మా. భగ్నమైనచో ఇది అదే నమూనా అనుటకు సాక్ష్యమేమి?"

సీలు తీయకుండా పరీక్ష ఎలాగన్నాను. ఆయన ఓపికగా వివరించారు. పరీక్షించవలసినది నిత్య గృహ వినియోగం. అందులో మొదట ఉన్నది నిత్యం. అంటే వారంలో ఏడు రోజులూ చూడాలి. తర్వాతిది గృహం. అంటే ఇల్లు సగటుగా ఉందో లేదో నిర్ధారించుకోవాలి. వినియోగం చివర వస్తుంది. సీలు అప్పటి సంగతి. ఇప్పటికి నేను చేయవలసింది ఏమీ లేదు, మామూలుగా ఉంటే చాలు.

పోనీ ఈలోగా బజారులో ఇంకో మౌస్ కొనుక్కుంటానన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. పరిశీలన కాలంలో ఇంట్లోకి రెండో మౌస్ రాకూడదు. గృహిణి తన మౌస్ అవసరాన్ని ఇంటి బయట, అంటే నెట్ సెంటర్లోనో పక్కింట్లోనో తీర్చుకోకూడదు. ఎందుకంటే అవసరం కూడా నమూనాలో భాగమే. అవసరం తీరిపోయిన ఇంట్లో మౌస్‌ను పరీక్షించి ప్రయోజనమేమిటి?

అలా మౌస్‌కు నాలుగు సీళ్ళు పడితే, నాకు ఐదోది పడింది.

గవర్రాజు గారు రోజూ పది నుంచి ఐదు దాకా మా ఇంట్లో కూర్చుని రాసుకోవాలని ఉత్తర్వు. ఆయనది ముమ్మిడివరం వైపు. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. ఆయన దగ్గర అరవై నాలుగు గళ్ళ ఫారం ఉంది. నిలువు గీతల్లో తలుపు తీసిన సార్లు, కుక్కరు కూతలు, ఫ్యాను వేగం, ఇంటివాళ్ళ నవ్వులు, జగడాలు. మొత్తం చదివాను. మౌస్ పనిచేస్తుందా అన్న గడి ఒక్కటి లేదు.

రెండో రోజుకే ఆయన నాకు బాబాయి గారయ్యారు. పెసరట్టు పెడితే, తింటున్నది విధి నిర్వహణలో భాగం కాదని ఫారం చివర రాసి మరీ తినేవారు. భార్గవ భోజనానికి వచ్చినప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవారు, కానీ చెవులు తిప్పుకోలేరు కదా. 'మధ్యాహ్నం 1.10. గృహస్థు రాక. కారణం చూపలేదు. 1.45, 1.46, 1.48. నిష్క్రమణ మూడుసార్లు.' అని నాకు చదివి వినిపించారు కూడా. నాకు ఎంత ముద్దొచ్చిందంటే, ఆ కాగితం జిరాక్సు అడిగాను. ఇవ్వకూడదట.

ఎనిమిదో తారీకున మెమో వచ్చింది.

'తమ గృహమునందు దినమునకు సగటున ముప్పదియొక్క నవ్వులు నమోదైనవి. సగటు గృహమునకు నిర్ణీతమైన నవ్వులు ఆరు. మిగిలిన ఇరువదియైదు నవ్వులకు కారణములు మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను. లేనిచో గృహము యొక్క సగటుతనము శంకాస్పదమగును.'

ఇల్లు సగటు కాకపోతే మళ్ళీ మొదటినుంచి ఇల్లు వెతుకుతారు, మౌస్ సీలుతో సహా జీపెక్కుతుంది, భార్గవ ప్రొబేషన్ మీద ఎర్ర సిరా పడుతుంది, నా ఫొటో నూకరాజు గారి చేతుల్లో పడుతుంది. కాబట్టి ఇద్దరం బుద్ధిగా కూర్చుని కారణాలు రాయడం మొదలుపెట్టాం. ఒకటి, పన్నెండు గంటలు కొట్టేటప్పుడు నాలుగో గడియారం కాసేపు ఆగి, గుర్తొచ్చినట్టు మళ్ళీ కొట్టడం. రెండు, గృహస్థు స్నానాల గదిలో పాట అందుకుని మాటలు మరిచిపోయి మంత్రాలలోకి దిగడం. మూడు, గృహిణి ఉప్మాలో పంచదార వేయుట. నాలుగు, ఆ ఉప్మా బాగుందని గృహస్థు రెండోసారి పెట్టించుకొనుట. తొమ్మిదో కారణం దగ్గరకు వచ్చేసరికి పదకొండు కొత్త నవ్వులు నమోదయ్యాయి. వాటికి అనుబంధ సంజాయిషీ వేరే రాశాం.

సంజాయిషీ అందినది, తృప్తికరముగా లేదు అని జవాబు. దానితోపాటు ఇంకో మాట. సగటు గృహంలో వారానికి రెండున్నర జగడాలు ఉండాలి. మా ఇంట ఒక్కటీ నమోదు కాలేదు. పదమూడో తారీకులోగా ఆ లోటు భర్తీ చేయాలి. సౌకర్యం కోసం మండలి ఒక అంశాన్ని ముందే ఆమోదించింది. 'తడి తువ్వాలు మంచముపై వేయుట.'

పది, పదకొండు, పన్నెండు తారీకులు ఆ తువ్వాలుతోనే గడిచాయి. భార్గవ తువ్వాలు తడిపి, మంచం మీద వేసి, పక్కన నిలబడి, ఇక మొదలుపెట్టు అనేవాడు. నేను నడుం మీద చేతులు వేసుకుని, "ఏమిటండీ ఇది?" అనేదాన్ని. ఇంట్లో పేరు పెట్టి పిలిచే మనిషిని అండీ అనేసరికి తనకు నవ్వొచ్చేది. ఆ నవ్వు చూసి నాకు. గవర్రాజు బాబాయి గారు తల పట్టుకుని, రెండు నవ్వుల గీతలు గీసి, ఉండబట్టలేక కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"అలా కాదండి అమ్మాయి గారూ. తువ్వాలు కాడ మొదలెట్టి తువ్వాలు కాడే ఆగిపోతే జగడం ఎక్కడవుద్దండి? తువ్వాలు నుంచి మీ పుట్టింటోళ్ళ కాడికెళ్ళాలి. ఆడనుంచి పెళ్ళిలో వడ్డించిన పప్పు కాడికి. పప్పులో ఉప్పెక్కువైంది అన్నారనుకోండి, ఇహ ఆయ్, చూస్కోనక్కర్లేదు."

"పెళ్ళిలో పప్పు బాగుంది బాబాయి గారూ," అన్నాడు భార్గవ దీనంగా.

"బాగుందని ఎవరికి తెలీదండి? ముప్పై నాలుగేళ్ళ నుంచి చేస్తున్నాం మేం. మా పెళ్ళి పప్పూ బాగానే ఉందండి."

రెండు జగడాలు సరే, ఆ అర అంటే ఏమిటని అడిగాను. మొదలెట్టాక చుట్టాలొస్తే మధ్యలో ఆగిపోద్ది కదండి, అదండి అర, అన్నారు. అర నుంచే మొదలుపెడదామని, ఎవరైనా చుట్టాలు వస్తే బాగుండునని వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరూ రాలేదు.

పదమూడో తారీకు మధ్యాహ్నం నూకరాజు గారు ఫోను చేశారు.

"ఎల్లుండి పన్నెండుకి లింకు పోద్దమ్మా. మీకు తీరికలేదంటే చెప్పండి, నేనే ఏరేస్తాను. చెడిపోయినవి తీసేసి, చక్కగా నిలబడినవి, భోజనాల కాడివి, అన్నీ పెడతాను."

నేను భయపడుతూనే, తెర దించినప్పటిది ఒకటుంది, బాసికం జారింది, అది ఉంచుతారా అని అడిగాను.

"ఆ ముక్కు మీద బాసికమా? అది చెడిపోయిందమ్మా. అలాంటివి ఉంచితే మా స్టూడియో పేరు పోద్ది."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి కత్తెర తెచ్చాను. భోజనం మధ్యలో ఉన్న భార్గవ ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి పళ్ళేనికి అడ్డం నిలబడ్డాడు. సీలు తీస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. నాలుగు రోజులు ఆగితే మండలే తీస్తుందన్నాడు.

"నాలుగు రోజులకు లింకు ఉండదు."

"మిగతా ఫొటోలుంటాయి కదా ఇందూ. ఒక్క ఫొటో."

"ఆ ఒక్కటే ఫొటో. మిగతావన్నీ పెళ్ళికి వచ్చినవాళ్ళవి. నిన్ను నేను మొదటిసారి చూసింది అందులో ఉంది. నీకు బాసికం అడ్డం వచ్చింది, నీకేం కనపడలేదు. చూసింది నేను."

తనకు కోపం వచ్చింది. నేను పెళ్ళిలో అందరి ముందూ నవ్వడం వల్ల తన మేనత్తలు ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటున్నారని, ఆ ఫొటో లేకపోతేనే నయమని అన్నాడు. అది నాకు కొత్త. నేను కత్తెర బల్ల మీద పెట్టేశాను. తను చెయ్యి కడుక్కుని, వెళ్ళొస్తానని ఒక్కసారే చెప్పి మెట్లు దిగిపోయాడు. సైకిలు చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళడం విన్నాను.

చాలాసేపటికి వెనక పెన్ను చప్పుడైంది. గవర్రాజు బాబాయి గారు కళ్ళజోడు తుడుచుకుని రాస్తున్నారు.

"ఏమీ అనుకోకండి అమ్మాయి గారు. రాయక తప్పదండి. ఇది నిజమైనదండి. మీ ఇల్లు పాసైపోయింది."

జగడాలు ఒకటే కదా, రెండున్నర ఎలా అవుతుందని ముక్కు చీదుకుంటూ అడిగాను. బరువును బట్టి రెండున్నరకు సమానమని రాశారట. ఆ రోజు నవ్వులు రెండే, అవీ పొద్దున్నవి. అన్ని గళ్ళూ సరిగ్గా కుదిరాయి.

సాయంత్రం భార్గవ అరకేజీ కాజాలు తెచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, మధ్యాహ్నం బాకీ పడ్డ రెండు 'వెళ్ళొస్తాను'లు వరసగా చెప్పి, అప్పుడు లోపలికి వచ్చాడు. మేనత్తల సంగతి ఒప్పుకున్నాడు. వాళ్ళు ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటున్నారట, అంతే. కోపంలో ఆ చివరి ముక్క మింగేశాడు. కాజా పాకం ఇద్దరి మోచేతుల దాకా కారింది.

సగటుతనం ధ్రువపడిందని తెలిసి పద్నాలుగో తారీకు ఉదయం పదకొండుకల్లా అచలపతి గారు వచ్చారు. అంతా నిలబడ్డాం. ఆయన ఒక పేరా చదివి, కొత్త బ్లేడుతో నాలుగు సీళ్ళూ తీశారు. మౌస్ బయటపడింది. నల్లగా, నున్నగా, అరచేతిలో ఇమిడేటట్టు, మధ్యలో చిన్న చక్రంతో ఉంది. పద్నాలుగు రోజులుగా ప్లాస్టిక్‌లోంచి చూసిన దాన్ని ముట్టుకుంటే చల్లగా తగిలింది.

ఇంతకీ మౌస్ ఎలా ఉందో మండలి ఎక్కడా రాయలేదు కాబట్టి నేను రాస్తాను. వైరు ఒక జానెడు పొట్టి. లేసు గుడ్డ మీద పెడితే బాణం గుర్తు గంతులు వేస్తుంది. స్టీలు పళ్ళెం మీద అసలు కదలదు. మా శుభలేఖ వెనక పక్క, తెల్లటి చోట పెట్టి చూశాను. వెన్న మీద వేలు పెట్టినట్టు జారింది. నొక్కితే టక్కుమని మంచి చప్పుడు, చక్రం తిప్పితే చిన్న గరగర. పద్నాలుగు రోజులు అవసరానికి సీలు వేసుకుని కూర్చున్న మనిషికి ఆ టక్కు ఎలా వినిపిస్తుందో నేను చెప్పలేను. మొదటి ఫొటోకే మూడుసార్లు టిక్కు పెట్టి తీశాను, చప్పుడు కోసం.

వినియోగం గమనించాలి కనుక అందరూ నా వెనక నిలబడ్డారు. అచలపతి గారు చేతులు వెనక కట్టుకున్నారు. ఇరవయ్యో ఫొటో దగ్గర, "ఈ చిత్రమున వధువు తండ్రి కనులు ముకుళితములై ఉన్నవి. పరిత్యజింపవచ్చును" అన్నారు. వందో ఫొటోకు కుర్చీ అడిగారు. మూడు వందలకు కుర్చీ నా పక్కకు జరిగింది. పన్నెండు కొట్టడం మొదలై, నాలుగో గడియారం ఆగి మళ్ళీ అందుకున్నప్పుడు నేనూ భార్గవ నవ్వాం. గవర్రాజు బాబాయి గారు గీతలు గీశారు. ఏడు వందల దగ్గర అచలపతి గారికి ఫైలు భాష ఊడిపోయింది.

"అదెందుకమ్మా టిక్కు పెట్టావు? ఇందాకటి దాంట్లో జడ బాగా కనపడింది. వెనక్కి తిప్పు, తిప్పు. ఆ అదే."

పదకొండు వందల పదిహేడో ఫొటో తెర మీదకు వచ్చింది.

తెర దిగుతోంది. భార్గవ కళ్ళు రెండూ మధ్యకు వచ్చి, ముక్కు మీది బాసికాన్ని చూస్తున్నాయి. నా చేతిలోంచి జీలకర్ర బెల్లం జారిపోతోంది. నా నోరు చెవుల దాకా తెరుచుకుని ఉంది. పురోహితుడు చెయ్యెత్తి ఆకాశంలోకి చూస్తున్నాడు. నేను టిక్కు పెట్టాను. భార్గవ నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకోసారి నొక్కి చూడు, సరిగ్గా పడిందో లేదో అన్నాడు.

అప్పుడు పక్కనుంచి ఒక వింత చప్పుడు వచ్చింది. కుక్కరు మూత సరిగ్గా పడనప్పుడు వచ్చేలాంటిది. చూస్తే అచలపతి గారు నవ్వుతున్నారు. ఆపుకుందామని జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు కానీ భుజాలు ఎగురుతూనే ఉన్నాయి.

గవర్రాజు బాబాయి గారు పెన్ను గాలిలో పట్టుకుని వినయంగా వంగారు.

"అయ్యా, తమరి నవ్వు ఏ గడిలో రాయమంటారండి? ఇంటోళ్ళ నవ్వులకే గడి ఉందండి."

అచలపతి గారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన ముఖంలోకి మళ్ళీ ఒక్కొక్క అక్షరమే ఫైలు భాష రావడం కళ్ళారా చూశాను. ఫారం అడిగి తీసుకున్నారు. నిన్న ఈ ఇంట నవ్వులు రెండు. ఇవాళ సీలు తీసిన రెండు గంటల్లో నలభై మూడు, ఇంకా ఏ గడికీ చెందనిది ఒకటి. డిప్యూటీ డైరెక్టరు హోదాలో ఉన్న వ్యక్తి నవ్విన ఇల్లు ఏ లెక్కన చూసినా సగటు కాజాలదు. నిన్నటి వరకు సగటుగా ఉన్న ఇంటిని ఇలా చేసినది ఏది? మౌస్.

"కావున, ఈ వస్తువు వినియోగము వలన గృహము యొక్క సగటుతనము నశించుచున్నది. నిత్య గృహ వినియోగమునకు అయోగ్యము."

"మౌస్ పనిచేస్తోంది కదండీ?" అన్నాను.

"ఆ గడి ఫారములో లేదమ్మా," అన్నారాయన, కాస్త బాధగానే.

ఇంకా పన్నెండు వందల నలభై మూడు ఫొటోలున్నాయి. మౌస్ తీసుకుపోతారేమోనని దానిమీద చెయ్యి అలాగే ఉంచాను. గవర్రాజు బాబాయి గారు గొంతు సవరించుకుని, సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి పద్దెనిమిదో పేజీ చదివారు. యోగ్యమైన నమూనాను మండలి అద్దాల బీరువాలో భద్రపరచవలెను. అయోగ్యమైన నమూనాకు మండలి ప్రాంగణంలో ప్రవేశం లేదు.

"మరి ఎక్కడ ఉంచవలెను?" అన్నారు అచలపతి గారు.

"అది రాయలేదండి. లోపలికి రానివ్వకూడదని రాశారండి, అంతేనండి."

అచలపతి గారు పళ్ళెమూ ఎర్ర గుడ్డా మాత్రం తీసుకుని బయల్దేరారు. మెట్లు సగం దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మీ నాన్నగారు కళ్ళు మూసుకున్నది ఉంది చూశావూ, అదీ ఉంచమ్మా. నిన్ను పెళ్ళికూతుర్ని చేసినప్పటిదనుకుంటాను," అని చెప్పి వెళ్ళారు.

ఆ సాయంత్రం ఆరున్నరకల్లా నూట యాభై పూర్తయ్యాయి. నూకరాజు గారు ఫోను చేసి, ఒకచోట పొరపాటున టిక్కు పడినట్టుంది, తీసేయనా అన్నారు. ఫోను భార్గవ తీసుకుని, ఆ పొరపాటును ఆల్బంలో మొదటి పేజీలో రెండు పేజీల వెడల్పున వేయమన్నాడు.

పెళ్ళయిన అరవై మూడో రోజున, మాది సగటు ఇల్లు కాదని ప్రభుత్వం వారు రెండో కాగితం ఇచ్చారు. ఒక పరిశీలన అంటూ పూర్తయింది కాబట్టి భార్గవ ప్రొబేషన్ కూడా పూర్తయింది. మొదటి కాగితం ఎక్కడ పెట్టామో తెలియదు. రెండోది ఫ్రేము కట్టించి, గడియారాల పక్కన తగిలించాం.

మొన్న ఆదివారం గవర్రాజు బాబాయి గారు భార్య మంగతాయారు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ కొత్త చీర కట్టుకున్నారు, ఎందుకు తీసుకొచ్చారో తెలియనట్టు చూస్తున్నారు. ఆయన కుర్చీ అంచున కూర్చుని విషయం చెప్పారు. మండలి ఈసారి ప్రెషర్ కుక్కరు పరీక్షిస్తోంది. సగటు ఇల్లుగా ఆయన ఇల్లే ఎంచారు. వారానికి సరిగ్గా రెండున్నర జగడాలు, రోజుకు ఆరు నవ్వులు, వేలెత్తి చూపడానికి లేదు.

"పాత కుక్కరు వాడకూడదంటారండి. కొత్తదేమో సీలేసి గూట్లో పెడతారంటండి. మా ఆవిడ నెల్లాళ్ళు వంటెలా చేద్దండి? తమరు మాకో నాలుగు నవ్వులు నేర్పారంటే సగటు తప్పి బయటపడిపోతామండి. మీకు జగడం నేర్పాను కదండి నేను."

మాకు చేతనైనదంతా చేశాం. సంజాయిషీ చదివి వినిపించాం. స్నానాల గదిలో పాడే పాట భార్గవ హాల్లోనే పాడి, మాటలు మరిచిపోయాడు. ఆల్బం తెరిచి మొదటి పేజీ చూపించాం. మంగతాయారు గారు మర్యాదగా తల ఊపి, బాసికం గట్టిగా కట్టాల్సిందమ్మా అన్నారు. గవర్రాజు గారు రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లాడిలా కూర్చున్నారు.

అంతలో పన్నెండయింది. మొదటి గడియారం కొట్టింది, రెండోది కొట్టింది. మంగతాయారు గారు ఒక్కొక్కదాని వైపూ తిరిగి చూస్తూ, ఇవి ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా అన్నారు. నాలుగోది ఏడు కొట్టి ఆగింది. అందరం ఎదురుచూశాం. అది మళ్ళీ అందుకోగానే నేనూ భార్గవ నవ్వాం. బాబాయి గారి కుడి చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్ళి, పెన్ను తీసి, కాగితం లేకపోవడంతో గాలిలోనే ఒక గీత గీసింది.

మంగతాయారు గారు ఆ చేతిని చూశారు. తర్వాత ఆయన ముఖం చూశారు. ఇక ఆవిడ వల్ల కాలేదు. చెంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ముప్పై నాలుగేళ్ళుగా ఇంతేనమ్మా, మా పెళ్ళిలో వచ్చిన చదివింపులు కూడా తాళి కట్టాక పీటల మీదే కూర్చుని రాసుకున్నారమ్మా అంటూ, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నారు.

ఐదో గడియారం మొదలుపెట్టింది. బాబాయి గారు ఆవిడవైపు చూస్తూ, పెన్నుకు మూత పెట్టేశారు.